పందెం కుక్కని దత్తత తెచ్చుకోవడం: నా అనుభవం, విక్ లెక్క

కుక్కల పందేలు నడిపి జైలుకెళ్లిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైఖేల్ విక్‌ని మళ్లీ ఆడనిచ్చింది సబబేనా అన్న వాదన ఇక్కడ వర్జీనియాలో ఇంకా చల్లారలేదు. కుక్కల పందేల కేసులో పట్టుబడ్డ ఒక పిట్‌బుల్‌ని ఇంటికి తెచ్చుకున్నాక నేను ఆ వాదనని కుక్క వైపు నుంచి వింటున్నాను. మనిషి మారాడా లేదా అన్నది ఎవరూ తూచి చెప్పలేరు. కుక్కకైన ఖర్చు మాత్రం రసీదులతో సహా దొరుకుతుంది.

పట్టుబడ్డ కుక్క చట్టానికి సాక్ష్యం, సొత్తు. కోర్టు జప్తు పూర్తి చేసేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వరు. సర్రీ కౌంటీలో విక్ స్థలం మీద పోలీసులు పడింది 2007 ఏప్రిల్ 25న. అందులో దొరికిన సుమారు 50 పిట్‌బుల్స్ నెలల తరబడి షెల్టర్ బోనుల్లోనే ఉండిపోయాయి. అప్పటిదాకా ఇలాంటి కుక్కల్ని కేసు తేలగానే చంపేయడమే ఆనవాయితీ. ఈ కేసులో కోర్టు న్యాయశాస్త్ర ప్రొఫెసర్ రెబెకా హస్‌ని నియమించి, ఒక్కో కుక్కని విడివిడిగా పరీక్షించి నిర్ణయించమంది. వాటిలో 22 యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రయానికి వెళ్లాయి.

ఇక కాగితాలు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి రాతపూర్వకంగా కావాలి, నోటిమాట చెల్లదు. సొంతిల్లయితే ఇన్సూరెన్స్ వాళ్లని పిట్‌బుల్ ఒప్పుకుంటారా అని ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఎక్కువమంది దత్తత దరఖాస్తు ఆగిపోయేది ఇక్కడే. తర్వాత కుక్కని ఇచ్చే సంస్థవాళ్లు ఇల్లు చూడటానికి వస్తారు. ఆరడుగుల గట్టి కంచె ఉండాలి. భూమిలో తీగ పాతే కరెంటు కంచె పనికిరాదు, అది బయటి కుక్కని లోపలికి రాకుండా ఆపలేదు కాబట్టి.

వైద్యంలో అందరూ మరిచిపోయేది బబేసియా గిబ్సోనై. ఎర్ర రక్తకణాల్లో ఉండే ఈ పరాన్నజీవి పిట్‌బుల్స్‌లో ముఖ్యంగా కాట్ల ద్వారానే పాకుతుంది. రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూస్తే చాలాసార్లు దొరకదు, దాని జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షే అడగాలి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు కనుక ఈ ఫలితం రాకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. మందు పది రోజులు: అటొవాక్వోన్ కిలోకి 13.3 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి, అజిత్రోమైసిన్ కిలోకి 10 మిల్లీగ్రాములు రోజుకోసారి. ఇరవై కిలోల కుక్కకి 5 మిల్లీలీటర్లలో 750 మిల్లీగ్రాములుండే పసుపురంగు అటొవాక్వోన్ ద్రవం పూటకి 1.8 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. (డోసు రాయాల్సింది డాక్టరే, ఈ లెక్క సరిచూసుకోవడానికి.) కొవ్వున్న తిండితో కలిపి ఇవ్వకపోతే ఒంటికి సరిగా పట్టదు, అంత ఖరీదైన మందూ దండగ. మందు అయ్యాక 60వ రోజున, 90వ రోజున మళ్లీ పీసీఆర్. రెండూ నెగెటివ్ వస్తేనే నయమైనట్టు.

ఇంట్లో మొదటి రెండు వారాలు ఒకే గది, ఒకే క్రేట్ (కుక్క పడుకునే బోను), చుట్టాలు వద్దు. గొలుసుకి కట్టి పెంచిన కుక్క మెట్లు చూసి ఉండదు, నున్నటి టైల్స్ చూసి ఉండదు. వంటింటి గడప దగ్గర నాలుగు కాళ్లూ చాపి, పెనానికి అంటుకున్న దోశలా నేలకి కరుచుకుపోతుంది. అప్పుడు బెల్టు పట్టి లాగకూడదు. గడప నుంచి వంటింట్లోకి చిన్న చాపలు వరసగా పరిస్తే ఒక్కో చాప మీదికీ తనే వస్తుంది.

మూడో వారంలోనే అసలు ప్రమాదం. కుదురుగా ఉంది కదా అని ఇంట్లో ఉన్న రెండో కుక్కతో వదిలేస్తారు. ఆ కుదురు భయం వల్ల వచ్చింది, అలవాటు వల్ల కాదు. ఒకటి బయట తిరుగుతుంటే రెండోది క్రేట్‌లో ఉండాలి, మధ్యన రెండు తలుపులు మూసి ఉండాలి. గిన్నెలు, ఎముకలు కింద వదలొద్దు. ఒకటి రెండోదాన్ని కరిచి పట్టుకుంటే లాగి విడదీయకండి, కండ చీలిపోతుంది. దవడ తెరిపించే బ్రేక్ స్టిక్ ఇంట్లో ఉండాలి, వాడటం ముందే నేర్చుకుని ఉండాలి.

ఇంత పనికీ డబ్బు కావాలి. విక్ చేత కుక్కల పోషణకని సుమారు 9 లక్షల 28 వేల డాలర్లు కట్టించారు. కట్టించింది కోర్టు, విక్ ఆడిన ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్) కాదు. 23 నెలల శిక్ష పూర్తయిన వారంలో, 2009 జులై 27న, లీగ్ షరతులతో తిరిగి రానిచ్చింది. ఆగస్టు 13న ఈగల్స్ జట్టు అతని చేత సంతకం చేయించుకుంది. నాకు దానిమీద పేచీ లేదు, ఎందుకంటే అప్పటికి కుక్కల పద్దు తీరింది. లండన్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు కుర్ట్ జూమా సంగతి వేరు. 2022 ఫిబ్రవరిలో పిల్లిని తన్నిన వీడియో బయటపడ్డ మర్నాడే అతని క్లబ్ వెస్ట్‌హామ్ అతన్ని మైదానంలోకి దించింది. రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా ఆ తర్వాత వేసింది. జూన్‌లో కోర్టు 180 గంటల సమాజసేవ విధించి, ఐదేళ్లు పిల్లిని పెంచుకోవద్దంది.

మనవైపు చూస్తే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. భీమవరం బరిలో ఒక పందేనికి ఆ యాభై లెక్కలోకే రాదు. అయితే కేసు నడిచినంత కాలం పట్టుబడ్డ జంతువు పోషణ ఖర్చు నిందితుడి మీద వేసే వీలు 2017 నిబంధనల్లో ఉంది. ఏ జట్టైనా దోషిగా తేలిన ఆటగాడిని తిరిగి తీసుకునేటప్పుడు ఒప్పందంలో ఈ రెండూ రాయించమంటాను: జంతువు బతికినన్నాళ్ల ఖర్చు సంతకానికి ముందే జమ చేయాలి, జంతువుని పెంచుకోవద్దన్న కోర్టు నిషేధాన్ని మీరితే ఒప్పందం రద్దు.