సర్వే కాగితాలు

ఎంఏ మొదటి సంవత్సరం పిల్లలు సర్వే కాగితాలు ఇవాళ తెచ్చిచ్చారు. భద్రత, ప్రజాస్వామ్యం మీద క్యాంపస్‌లో తోటి విద్యార్థుల అభిప్రాయాలు. ప్రశ్నలు వాళ్లే రాసుకున్నారు. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో కట్ట విప్పి కూర్చుంటే చీకటి పడేదాకా లేవలేకపోయాను.

సీసీ కెమెరాలు ఉండాలా అంటే దాదాపు అందరిదీ ఒకటే మాట, ఉండాలి. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలు మరి. జనం ఎక్కువగా వచ్చిపోయే షాపులు, స్కూళ్లు, ఆసుపత్రులు కెమెరాలు పెట్టుకోవాలని 2013లోనే చట్టం వచ్చింది. ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ గురించి అడిగిన చోట మాత్రం చాలామంది ఖాళీ వదిలేశారు. 2021 లాక్‌డౌన్‌లో ఇదే నగరంలో పోలీసులు ఒకాయన్ని ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకుంటే, అది ఈ సాఫ్ట్‌వేర్‌లోకి పోతుందన్న భయంతో ఆయన హైకోర్టుకి వెళ్లారు. ఆ సంగతి వాళ్ల దాకా రాలేదు.

"దేశ భద్రత ముందు, హక్కులు తర్వాత" అని రాసిన అబ్బాయిని పిలిచి మాట్లాడాను. వాళ్లన్న ఆర్మీలో ఉన్నాడట. ఇంట్లో రోజూ ఫోన్ కోసం ఎదురుచూసే కుర్రాడు అలా రాయడంలో వింతేముంది? వాదన పెట్టుకోలేదు. 1975 నుంచి 21 నెలలు ఎమర్జెన్సీ ఎలా నడిచిందో, ఆ తర్వాత 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఏం మార్చిందో చెప్పాను. "అంటే యుద్ధమొచ్చినా బతికే హక్కును ఆపలేరా మేడమ్?" అన్నాడు. ఆపలేరు నాన్నా, ఎమర్జెన్సీలోనూ ఆ హక్కునిచ్చే 21వ అధికరణం అమల్లోనే ఉంటుంది అన్నాను. కాగితం వెనక్కి తీసుకుని, రాసింది కొట్టేయకుండా, దాని కింద ఇంకో వాక్యం రాసుకున్నాడు.

నన్ను బాగా కదిలించింది మాత్రం హాస్టల్ అమ్మాయి జవాబు. "కెమెరా కావాలి. తాళం వద్దు." 'వద్దు' కింద రెండు గీతలు, పెన్ను కాగితంలోకి దిగిపోయేంత గట్టిగా. కారిడార్‌లో కనబడితే అడిగాను. "స్టూడెంట్స్ మీటింగులన్నీ రాత్రి ఎనిమిదింటికే పెడతరు మేడమ్. మా గేటు ఎనిమిదింటికే మూస్తరు. పొద్దున లేచేసరికి అన్నీ డిసైడ్ అయిపోయి ఉంటయి. ఇగ మేమెప్పుడు మాట్లాడాలె?" అంది. అబ్బాయిల హాస్టల్‌కి అసలు గేటు టైమే లేదు. భద్రత పేరు చెప్పి ఆ పిల్లని ప్రజాస్వామ్యం బయట నిలబెట్టాం. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర ఆంక్ష మీద కేరళ హైకోర్టుకి వెళ్లింది సరిగ్గా ఈ బాధతోనే. భయం ఎక్కడుందో అక్కడ లైట్లు వేయాలి గాని, భయపడేవాళ్లని లోపల పెట్టి తాళం వేస్తే ఎలా?

విద్యార్థి సంఘం ఎన్నికలు కావాలని చాలామందే రాశారు. మా దగ్గర దశాబ్దాలుగా లేవు. అడిగితే, గొడవలవుతాయి అంటారు. మళ్లీ భద్రతే! 1989లో ఓటు వయసు 18కి దిగింది కాబట్టి ఈ పిల్లలు ఎంపీని ఎన్నుకుంటారు, క్యాంపస్‌లో తమ ప్రతినిధిని మాత్రం ఎన్నుకోలేరు. గొడవలు నిజమే, నేను చదువుకునే రోజుల్లో వాటి గురించి పెద్దవాళ్లు చెబుతుంటే విన్నాను. అందుకేగా విద్యార్థి ఎన్నికలు ఎలా జరగాలో చెప్పడానికి వేసిన లింగ్డో కమిటీ 2006లో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, అచ్చు పోస్టర్లు వేయకూడదని, నేర చరిత్ర ఉన్నవాళ్లు పోటీ చేయకూడదని అన్ని జాగ్రత్తలు చెప్పింది. అవి పాటించి ఎన్నికలు పెట్టే దారి ఉండగా, అసలు పెట్టకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

హాస్టల్ అమ్మాయిలు ఒక లెటర్ రాసుకున్నారు. గేటు టైమ్ పదింటికి మార్చాలి, లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా వీధి దీపాలు వెలగాలి. చదివి నేనూ సంతకం పెట్టాను. రేపు పదకొండింటికి వార్డెన్ దగ్గరికి వాళ్లతో పాటు వెళ్తున్నాను.