తొంభై నాలుగు

నిద్ర పట్టేలా లేదు. కళ్లు మూస్తే నెట్ స్పీడు టెస్టులో వచ్చిన 94 కనిపిస్తోంది. పొద్దున 94, మధ్యాహ్నం 94, ఇందాక అత్తయ్యగారి సీరియల్ అయ్యాక చూసినా 94. కడుతున్నది 200 ప్లానుకి. లైనే బాగోకపోతే అంకె ఊగాలి కదా, ఓసారి 120, ఓసారి 60. ఇలా మేకు కొట్టినట్టు ఒక్కచోటే నిలబడిందంటే జబ్బు లైనుది కాదు, దారిలో ఎక్కడో వంద ఎంబీపీఎస్ దాటనివ్వని పోర్టు (వైరు గుచ్చే కన్నం) అడ్డం కూర్చుంది. వందలో ప్రతి డేటా మూట (ప్యాకెట్) మీదా రాసే చిరునామాల ఖర్చు పోను మన చేతికొచ్చేది 94, మహా అయితే 95.

అందుకని సాయంత్రం బజారుకెళ్లాను, కొత్త రౌటర్ కొనేద్దామని. వెళ్లకుండా ఉండాల్సింది.

షాపతను అట్టపెట్టె ముందు పెట్టి, "ఆరు యాంటెన్నాలు మేడం, మూడంతస్తులు లాగేస్తుంది" అన్నాడు. వ్యాన్ పోర్టు, అంటే బయటి నెట్ వైరు దూరేది, గిగాబిటేనా, అంటే వెయ్యి ఎంబీపీఎస్ దేనా అన్నాను. "1200 ఎంబీపీఎస్ మేడం, గిగాబిట్ కన్నా ఎక్కువే." అది వైఫై అంకె బాబూ, నేనడిగేది వెనకాల వైరు పెట్టే పోర్టు సంగతి అన్నాను. నవ్వాడు. "సార్‌ని ఓసారి ఫోన్లో కలపండి మేడం, నేను మాట్లాడతాను."

సార్! మా సారు, అదే మా ఆయన సంగతి చెప్తా వినండి. నెట్ రాకపోతే టీవీ రిమోట్‌లో సెల్లులు మార్చే మనిషి.

పెట్టె తిరగేస్తే సన్నక్షరాల్లో ఉంది, 10/100 అని, అంటే పోర్టు వంద దాటదు. అతనికి చూపించి వచ్చేశాను. చెప్పాల్సినవన్నీ ఇంటికొచ్చాక, గిన్నెలు తోముతుంటే తన్నుకొచ్చాయి. ఆ 1200 ఎక్కడిదంటే, వైఫై నడిచే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, రెండూ కూడి పైకి లాగితే 1200. మామూలు ఫోను రెండు బ్యాండ్ల మీదా ఒకేసారి కూర్చోదు. 5 మీద కూర్చుంటే దానికున్నది 867 వరకే, అదీ కాగితం మీద. గాలిలో పోయేది పోగా సగం పైచిలుకు దక్కితే గొప్ప. ఆ సగం కూడా వంద పోర్టులోంచే బయటికెళ్లాలి. బిందె మూతి ఎంత పెద్దదైతే ఏం, కుళాయి సన్నగా వస్తుంటే. 3000 అని రాసినవీ ఇదే లెక్క. 574, 2402 కలిపిన అంకె. ఆ 2402 రావాలంటే 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ (బ్యాండ్‌లో వైఫై నడిచే దారి) కావాలి, అవతల ఫోనో ల్యాప్‌టాప్పో దాన్ని పట్టగలగాలి. మా ఇంట్లో ఒక్కటీ పట్టదు.

ఇక యాంటెన్నాలు. చవక రకాల్లో నాలుగుంటే చాలావరకు రెండు ఒక బ్యాండ్‌వి, రెండు ఇంకోదానివి. ఎక్కువుంటే మూడంతస్తులు లాగుతుందనడం అట్టపెట్టె మాట. రౌటర్ మాట దూరం గదికి చేరినా, చేతిలో ఫోను బదులు చెప్పాలి, ఆ బదులు మళ్లీ రౌటర్‌కి వినపడాలి. ఫోను గొంతు ఎంతని! అన్నట్టు, ఆ పుల్లల్ని నెమలి ఈకల్లా విప్పి పెట్టేవాళ్లుంటారు. పుల్ల నిలువుగా ఉంటే సిగ్నల్ దాని చుట్టూ అడ్డంగా పరుచుకుంటుంది, కొసల వైపు పెద్దగా పోదు. ఒకే అంతస్తు ఇంట్లో అన్నీ నిలువుగానే ఉంచాలి. పైన గది ఉంటే ఒకదాన్ని పడుకోబెట్టాలి.

కోపం మీదే హాల్లో టీవీ వెనక చెయ్యిపెట్టి నెట్ కంపెనీ వాళ్ల ఫైబర్ డబ్బా బయటికి తీశాను. అడుగున స్టిక్కర్ మీద 1జీఈ, 1ఎఫ్‌ఈ అని ఉంది. రెండు పోర్టుల్లో ఒకటే గిగాబిట్, రెండోది వంద. వైరు ఎక్కడుందంటారు? రెండోదాంట్లో. ఇన్నాళ్లూ! మొదటిదాంట్లోకి మార్చి టెస్ట్ పెట్టాను. మళ్లీ 94. ల్యాప్‌టాప్‌ని నేరుగా డబ్బాకే కలిపితే 196. అంటే మన పాత రౌటర్ వ్యాన్ పోర్టూ వందదే. తలుపుకి రెండు తాళాలుంటే నేను ఒకటి తీశానన్నమాట.

సరే, గిగాబిట్‌ది కొనాల్సిందే అని ఇక్కడిదాకా రాసి మంచినీళ్లకి లేచాను. లేచి వస్తుంటే అనిపించింది, ఇంట్లో 94 గురించి ఏడ్చిందెవరు? ఎవరూ లేరు. నేనే. 4కే సినిమాకి పాతిక చాలు. పెద్దాడి క్లాసుకి మూడో నాలుగో. గొడవంతా పెరటివైపు గదిలో. అక్కడ సీరియల్ గిర్రున తిరుగుతుంది, వాడి క్లాసులో మేష్టారి మాట మధ్యమధ్యలో తెగిపోతుంది. ఫోన్లో సిగ్నల్ బలం కొలిచాను. హాల్లో 5 గిగాహెర్ట్జ్ మైనస్ 45. పెరటి గదిలో మైనస్ 82. సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. మాట తెగకుండా వీడియో కాల్ నడవాలంటే మైనస్ 67 కన్నా కిందికి పోకూడదు. మధ్యలో మూడు తొమ్మిదంగుళాల గోడలు, వాటికి తోడు ఇనప బీరువా. ఇనుము ముందు ఏ యాంటెన్నా ఏం చేస్తుంది? 2.4 అయితే అక్కడికి చేరుతోంది, మైనస్ 68. కానీ చుట్టుపక్కల ఇళ్లన్నీ దానిమీదే, పైగా మైక్రోవేవ్ ఓవెన్ ఆన్ చేస్తే అదీ దాదాపు 2.45 దగ్గరే హోరెత్తిస్తుంది. ఛానెల్ ఆటోలో ఉంటే తీసేసి 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చాలి. ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి దించాలి. నేను 11కి మార్చాను, కాస్త కుదుటపడింది.

అసలు రౌటర్ ఆ మూల ఎందుకుంది? ఎవరూ ఆలోచించి పెట్టలేదు. వైరు ఎక్కడ దిగితే డబ్బా అక్కడ. ఈ అలవాటు ఇప్పటిది కాదు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తల్లో నాన్నగారింట్లో ఫోను హాలు మూల స్టూలు మీద ఉండేది, కాబట్టి మోడెమ్ కూడా స్టూలు మీదే. ఫోనుకి కప్పిన లేసుగుడ్డ అమ్మ దానికీ కప్పేది. ముట్టుకుంటే ఇస్త్రీపెట్టెలా కాలేది. బయటినుంచి వచ్చిన ఫోను తీగ ముందు మాటనీ నెట్‌నీ విడదీసే స్ప్లిటర్‌లో దూరాలి, అక్కణ్ణుంచి ఒక కొస ఫోనుకి, ఒకటి మోడెమ్‌కి. ఒకే రాగి తీగ మీద మాట 4 కిలోహెర్ట్జ్ లోపు, నెట్ 25 పైన. అన్నయ్య వంటింట్లో ఇంకో ఫోను కావాలని స్ప్లిటర్‌కి ముందే తీగ కలిపేశాడు, ఫిల్టర్ లేకుండా. ఇక ఫోను మోగితే నెట్ పోయేది. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా ఎంత వాడుకున్నా లెక్కలేని ప్లాను. రెండింటికి అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే, తెల్లవారుజామున ఊరినుంచి ఎవరో ఫోను చేసేవారు. లేచి చూస్తే 61 శాతం దగ్గర చచ్చిపడి ఉండేది. ఎన్ని నెలలకో తెలిసింది కారణం. అయినా అప్పుడు కంప్యూటరొకటే, స్టూలు పక్కనే బల్ల. మూలనుంటే నష్టమేంటి? ఈ ఇంట్లోనూ అలాంటి మూలే, అలాంటి లేసుగుడ్డే, కాకపోతే వైఫై మీద పన్నెండు పరికరాలు.

ఫైబర్ డబ్బా జోలికి మాత్రం పోకూడదు. ఆ సన్న తీగని చిటికెనవేలికి చుట్టినంత ఒంపు పెడితే వెలుతురు కారిపోతుంది, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ దగ్గర ఎర్రదీపం వెలగొచ్చు, ఇక కంపెనీ మనిషి రావాలి. డబ్బా అక్కడే ఉంచి, దాని సొంత వైఫై ఆపేసి, పొడుగు వైరుతో రౌటర్‌ని హాలుకీ వంటింటికీ మధ్య గూట్లోకి మార్చాను. ఇందాకటి సీరియల్ ఒక్కసారి కూడా తిరగలేదు.

పెరటి గదికి ఇంకా పూర్తిగా చాలదు, మైనస్ 73. రిపీటర్ కొనమంటున్నాడు మరిది. వద్దు. అదే బ్యాండ్ మీద విని, అదే బ్యాండ్ మీద మళ్లీ చెప్పాలంటే వేగం దాదాపు సగమవుతుంది. కాబట్టి కొత్తది కొన్నాక (గిగాబిట్ వ్యాన్, ఇంట్లో వైర్లకిచ్చే లాన్ పోర్టులు కూడా గిగాబిట్, 12 వోల్టులు 1 ఆంపియర్‌తో నడిచేది, లేకపోతే మన చిన్న యూపీఎస్ మీద నడవదు) పాతదాన్ని పెరటి గదిలో పెడతాను. అక్కడి టీవీకి దాని వంద చాలు. పెట్టేముందు దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే పని) ఆపాలి, చిరునామా 192.168.1.2 చెయ్యాలి, వైరు వ్యాన్‌లో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి. డీహెచ్‌సీపీ మర్చిపోతే రెండూ చిరునామాలు పంచుతాయి, ఫోనేమో కనెక్టెడ్ అంటుంది, నెట్ రాదు.

పదిహేను మీటర్ల క్యాట్ 6 రకం నెట్ వైరు కావాలి, రాగిదే. చాకుతో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం, రెండు ఒంపులకి విరుగుతుంది. కన్నం 8 మిల్లీమీటర్లు చాలు, వైరు దూర్చాక కనెక్టర్ కొట్టుకోవచ్చు. లోపలి ఎనిమిది తీగల వరస ఇదీ: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మాత్రం మూడులో ఒకటి, ఆరులో ఒకటి. నీలమో గోధుమో సరిగా తగలకపోతే లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, కానీ వేగం వందకి దిగిపోతుంది. మళ్లీ 94. బయట గోడలోకి దూరేచోట వైరు కిందికి వేలాడి పైకి ఎక్కాలి, వాన నీళ్లు ఆ ఒంపులో కారిపోవాలి.

రేపు మంగళవారం, గోడకి కన్నమంటే అత్తయ్యగారు ఒప్పుకోరు. బుధవారం చూడాలి.