కొమ్ములా, కూరా?

"నీకు గోడ మీదకి కావాలా, పొయ్యి మీదకి కావాలా? అది తేల్చుకున్నాక నా దగ్గరికి రా."

లంచ్ టైమ్‌లో మా సీనియర్ అన్న మాట ఇది. నేను అడిగింది పెద్ద విషయమేం కాదు. ఎల్క్ (అమెరికాలో ఉండే పెద్ద జింక) వేట పర్మిట్ల లాటరీకి దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లో అయిపోతుంది, మగదానికి పెట్టాలా ఆడదానికి పెట్టాలా అని అడిగాను. మగదానికే పెడదామనుకుంటున్నానని కూడా అన్నాను. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ రోజు నవ్వలేదు. పక్కనున్న ఇద్దరూ తలలు దించుకుని సూప్ తాగారు.

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు నన్ను చూడటమే మింగుడు పడలేదు. కొమ్ముల మోజుతో, ఫోటోల పిచ్చితో కొండెక్కుదామనుకుంటున్నానని ఆయనే తీర్మానించేశాడు. నా కారణం వేరే. అక్కడ చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. కొలరాడోలో రాకీ పర్వతాలకి పడమటి వైపు ఒక చిన్న ఊళ్లో ఉంటాం. అక్టోబర్ మధ్యలో రైఫిల్ సీజన్లు మొదలవుతాయి, వాటి వెనకాలే మా క్లినిక్‌కి నడుములూ మోకాళ్లూ వస్తాయి. బాగా పెరిగిన మగ ఎల్క్ మూడు వందల కిలోలు దాటుతుంది. రోడ్డుకి మూడు మైళ్ల దూరంలో, పది వేల అడుగుల ఎత్తులో అది పడిందనుకోండి, అక్కడే కోసి వీపు మీద మోసుకురావాలి. వెనక తొడ ఒక్కటే పాతిక, ముప్పై కిలోలుంటుంది. ఏడాదంతా ట్రక్కు సీట్లో కూర్చునే యాభై ఏళ్ల మనిషి ఒక్క రోజులో ఆ కొండ నాలుగుసార్లు ఎక్కి దిగితే డిస్కు ఊరుకుంటుందా? టేబుల్ మీద బోర్లా పడుకుని వాళ్లు చెప్పే కథలు వినీ వినీ నాకూ ఆశ పుట్టింది.

హెచ్1బీ మీద ఉన్నవాడికి తుపాకీ ఏంటని అడుగుతారేమో. ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా మనలాంటి వీసాల వాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. (లాయర్ని అడక్కుండా మాత్రం ముందుకెళ్లకండి.) 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిందే. ఆరు నెలలు ఇక్కడ కాపురమున్నవాళ్లకి ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే పర్మిట్) రేటు తక్కువ, బయటి రాష్ట్రాల వాళ్లు పది రెట్లకి పైనే కడతారు. రైఫిల్ సీజన్లో ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఉండాలి, నెత్తిన టోపీతో సహా. 2016 నుంచి గులాబీ రంగుకి కూడా ఒప్పుకుంటున్నారు. మా ఆవిడ నాకు గులాబీదే కొంటానని కూర్చుంది.

ఇక అసలు సంగతి. ఇక్కడ తల, తోలు, కొమ్ములు మాత్రం పట్టుకుని మాంసాన్ని అడవిలో వదిలేస్తే ఫెలొనీ. అంటే జైలు కేసు. నాలుగు తొడలూ, వీపు కండలూ, లోపలి మెత్తటి కండలూ పాడవకుండా చూసుకుని దించుకోవాలి. కాబట్టి కొమ్ముల కోసం వెళ్లినవాడూ మాంసం మోయాల్సిందే, మాంసం కోసం వెళ్లినవాడికి మగది దొరికితే కొమ్ములూ వస్తాయి. తేడా అంతా మనసులో, ట్యాగ్ మీద రాసిన అక్షరాల్లో. 2024 నవంబర్‌లో కొండసింహాల ట్రోఫీ వేటని నిషేధించాలని ప్రతిపాదన 127 ఓటింగ్‌కి వచ్చినప్పుడు మా ఊళ్లో గొడవంతా దీని మీదే. మాంసం తినేవాడిది ట్రోఫీ వేట ఎలా అవుతుందని ఒకరు, తల గోడకెక్కించేవాడిది మరేంటని ఒకరు. చివరికి ప్రతిపాదన ఓడిపోయింది. గొడవ ఇంకా ఉంది.

మాంసం అనగానే పుణ్యం, కొమ్ము అనగానే పాపం అన్నట్టు మాట్లాడతారే, చరిత్ర చూస్తే అదీ నిలబడదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఎల్క్ మందల్ని ఊడ్చేసింది మాంసమూ తోలూ అమ్ముకునే వేటగాళ్లు. పై దవడలో ఉండే రెండు దంతాల కోసం కూడా చంపారు. గడియారం గొలుసులకి వేలాడేసుకోవడానికి వాటికి గిరాకీ ఉండేది. కొలరాడోలో ఎల్క్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోతే 1913, 1914లో యెల్లోస్టోన్ నుంచి కొన్నిటిని తెచ్చి ఎస్టెస్ పార్క్ దగ్గర వదిలారు. ఇప్పుడు రాష్ట్రంలో 2.5 లక్షలకి పైనే ఉన్నాయి, ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. మరి అంగుళాలు కొలిచి కొమ్ములకి మార్కులేసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్? 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ పెట్టిన ఆ క్లబ్బు వాళ్లే ఈ జంతువుల్ని కాపాడాలని ముందుగా గొంతెత్తినవాళ్లలో ఉన్నారు. అడవి మాంసం అమ్మకూడదన్న రూలు వెనకా అలాంటివాళ్లే ఉన్నారు. మా సీనియర్‌కి ఇదంతా నాకన్నా బాగా తెలుసు.

తెలిసీ అన్నాడే అని నా బాధ. ఆయన హాల్లో మూడు తలలు వేలాడుతున్నాయి. అందులో ఒకటి ఆరేసి కొనల కొమ్ములది, దాని కిందే సోఫా. నేను వాళ్లింటికి మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు ఏ కొండ మీద, ఏ గాలిలో, ఎన్ని గజాల దూరం నుంచి కొట్టాడో చెప్పి, కుర్చీ మీదకెక్కి దుమ్ము కూడా తుడిచాడు. అలాంటి మనిషి నాకు పొయ్యి గురించి చెప్తాడా? ఆయన్నే అడిగితే, అవి కుర్రతనంలో కొట్టినవి అంటాడు. కుర్రతనంలో తను చేసుకున్న ముచ్చట నాకెందుకు తప్పయింది?

అదే మనిషి ప్రతి నవంబర్‌లో నా టేబుల్ మీద తెల్ల కాగితంలో చుట్టిన నాలుగు మాంసం పొట్లాలు పెట్టి వెళ్తాడు, పైన తేదీ, ఏ భాగమో రాసి. నేను కొత్తగా వచ్చిన ఏడాది నుంచీ ఇదే. థాంక్స్ చెప్పేలోపు తలుపు దాటిపోతాడు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

ఇప్పుడు నా కారణం. మాది ములుగు దగ్గర పల్లె. పండక్కి యాట కోయడం అంటే పొట్టేలునో మేకపోతునో కోయడం. ఆడదాని మీద కత్తి పెట్టడం నా చిన్నప్పుడు నేను చూడలేదు. అది మంద. దాన్ని కోస్తే వచ్చే ఏటి పిల్లల్ని కోసినట్టే. కాబట్టి వేట లైసెన్స్ ఫారం ముందు కూర్చున్నప్పుడు నా చెయ్యి దానంతటదే మగదాని మీదకి పోయింది. కొమ్ములు నా లెక్కలోనే లేవు. ఇక్కడివాళ్ల లెక్కలో మగది అంటే కొమ్ము, ఆడది అంటే మాంసం. మన దగ్గర మగదే మాంసం. తల కూడా కూరలోకే పోతుంది, గోడకి కాదు. గోడకి తలలు వేలాడేసింది మన జమీందార్లు, మైసూరులో వేట జంతువుల తలల్ని బొమ్మల్లా చేసిచ్చే వాన్ ఇంజెన్ వాళ్లకి పంపి మరీ కుట్టించుకున్నవాళ్లు. మా తాత ఇంటి గోడకి ఉన్నది చేట.

అయితే ఇక్కడ ఆడవాటి ట్యాగ్‌లు అన్నన్ని ఎందుకిస్తారో తెలుసుకుంటే కథ మారుతుంది. ఒక్క మగది చాలా ఆడవాటిని కడుతుంది కాబట్టి మగవాటిని ఎన్ని కొట్టినా మంద పెద్దగా తగ్గదు. మంద పెరగాలా తగ్గాలా అనేది ఆడవాటి లెక్కతోనే తేలుతుంది. మేత చాలక, చలికాలంలో రైతుల గడ్డివాముల మీద పడుతున్నాయనుకోండి, వైల్డ్‌లైఫ్ శాఖ ఆ చోట ఆడవాటి ట్యాగ్‌లు పెంచుతుంది. తగ్గిపోతున్న చోట ట్యాగ్‌లు తగ్గిస్తుంది. మా పెదనాన్న గొర్రెల మందని చూసుకున్నట్టే, కాకపోతే కాగితం మీద. తర్కం ఒప్పుకున్నాను. నవంబర్‌కల్లా అవి చూలుతో ఉంటాయన్న సంగతి మాత్రం ఏ తర్కమూ మర్చిపోనివ్వట్లేదు.

బాపుకి ఫోన్ చేశాను, నా పక్షాన మాట్లాడతాడనుకుని.

"ఆడిదాన్ని కొడ్తె తప్పేంది?" అన్నాడు.

"మనం కొయ్యం గదా బాపూ."

"ఇంటికాడ కొయ్యం. ఈడిపోయినయి, పిల్లలు వెయ్యనియి కటికాయనకే గదరా అమ్మేది. ఆదివారం నువ్వు సంచి పట్కొని తెచ్చిందేందనుకున్నవ్, అంత పొట్టేలు మాంసమేనా?"

అమ్మ వెనకాల నుంచి నవ్వుతోంది. ఇరవై ఏళ్లుగా తిన్న కూర మీద నాకు ఒక్కసారిగా అనుమానాలు మొదలయ్యాయి.

మాంసం వేటగాళ్ల మాటల్లో నాకు నమ్మకం కుదరని ముక్క ఇంకోటుంది: "ఫ్రీజర్ నింపుకోవడానికే." రైఫిలు, తూటాలు, బూట్లు, నారింజ కోటు, పెట్రోలు, కోసి చుట్టిచ్చే షాపువాడికిచ్చే కూలీ కలిపి చూడండి. డెన్వర్ వెళ్లి అరోరాలో హలాల్ షాపులో మేకమాంసం తెచ్చుకోవడం చాలా చవక. జీతం వస్తున్నవాడు తిండి కోసం వేటాడుతున్నాననడం కూడా ఒక రకం గొప్పే, గోడకి కాకుండా ఫ్రీజర్‌కి తగిలించుకునే గొప్ప. నిజంగా తిండికే వేటాడేవాళ్లు మా పేషెంట్లలో కొందరున్నారు. వాళ్లు ఆ మాట గట్టిగా అనరు. ట్యాగ్ వచ్చిందా లేదా అని మాత్రం టెన్షన్ పడతారు.

ఆడ ఎల్క్ ఒకటి పడితే ఎముకలు తీసేసినా అరవై, డెబ్భై కిలోల మాంసం వస్తుంది. ఇంట్లో తినేది నేనూ మా అబ్బాయి. మా ఆవిడ ఒక ముక్క రుచి చూసి, కొవ్వు లేదు, పీచులా ఉందని పక్కన పెట్టింది. (కుక్కర్లో నాలుగు విజిల్స్ ఎక్కువ పెట్టి, గోంగూర వేస్తే బాగానే ఉంటుంది.) అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. మరి అంత మాంసం ఎవరికి? ఊళ్లో అయితే ఈ ప్రశ్నే రాదు. యాట పడకముందే ఎన్ని పోగులో, ఎవరి పోగు ఎవరిదో తేలిపోతుంది. పంచుకునే మనుషులున్నప్పుడే మాంసం కోసం అన్న మాట నా నోటికి వస్తుంది. మా సీనియర్ పొట్లాలు ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తున్నాయి. ఆయన ఊళ్లో ఎవరెవరికి ఇస్తాడో మా రిసెప్షనిస్ట్ చెప్పింది, చాలా పెద్ద లిస్టు. సగం అక్కడే పోతుందట.

కొమ్ముల మీద ఆశ బొత్తిగా లేదంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. సెప్టెంబర్‌లో ఎస్టెస్ పార్క్ వెళ్లి, మగది మెడ చాచి అరుస్తుంటే చూసినవాడెవడూ అలా అనలేడు. కానీ ఆ కొమ్ములు ప్రతి ఏడూ ఎండాకాలం ముందు వాటంతటవే రాలిపోతాయి. ఐ-25 హైవేకి పడమర ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా వాటిని ఏరకూడదు. చలికి చిక్కిపోయి ఉన్నవాటిని బెదరగొట్టొద్దని. మే 1 నుంచి ఏరుకోవచ్చు. మా అబ్బాయిని తీసుకుని వెళ్దామనుకుంటున్నాను. దొరికితే గోడకి పెడతాను, ఎవరేమన్నా సరే.

దరఖాస్తు ఇలా నింపాను. కొలరాడోలో నాలుగు ఆప్షన్లు ఇవ్వొచ్చు. మొదటి ఆప్షన్‌లో ట్యాగ్ అడక్కుండా ప్రిఫరెన్స్ పాయింట్ (తర్వాతి లాటరీల్లో ముందు వరస ఇచ్చేది) మాత్రం అడిగాను, ఎప్పటికైనా మంచి చోట మగదానికి పనికొస్తుందని. రెండో ఆప్షన్‌లో మా ఊరి వెనక కొండకి ఆడ ఎల్క్. మా సీనియర్‌కి చూపిస్తే కళ్లజోడు పైకి జరిపి చూసి, "పాయింట్ దాచుకుంటున్నావన్నమాట" అన్నాడు. తన రెండో రైఫిల్ ఇస్తానన్నాడు. లైసెన్స్ చేతికొచ్చాకే ముట్టుకుంటానని చెప్పాను.

పోగుల లిస్టు మొదలైంది. మా క్లినిక్‌లో ఇద్దరు, పక్కింటి ముసలాయన, అరోరాలో ఉన్న మన మిత్రులు మూడు కుటుంబాలు. ఇది బీఫ్ లాంటిదా కాదా అని ఒక కుటుంబం ఇంకా తేల్చుకోలేదు. అరోరాలో ఉండే ఖమ్మం అన్న మాత్రం తలకాయా, బోటీ తనవేనని ముందే చెప్పేశాడు. తలని వైల్డ్‌లైఫ్ ఆఫీసులో ఇస్తే గ్రంథులు తీసి క్రానిక్ వేస్టింగ్ అనే జింకల మెదడు జబ్బుకి పరీక్ష చేస్తారు, రిపోర్టు వచ్చేదాకా మాంసం కూడా తినను, మెదడైతే అసలు ముట్టను అని చెప్పాను. 1967లో ఈ జబ్బుని మొదట గమనించింది ఈ కొలరాడోలోనే అని కూడా చెప్పాను. సరే, బోటీ? అదంతా కొండ మీదే కాకులకీ నక్కలకీ వదిలేసి వస్తారు అన్నాను.

"వదిలేసి వస్తారా? కార్జం కూడానా?"

చట్టం కార్జాన్ని లెక్కలో వేయలేదు అన్నాను.

"చట్టం సంగతి నాకెందుకు తమ్మీ, మాంసం కోసమే పోతున్న అంటివి గదా?"

రిపోర్టు మంచిగా వస్తేనే ఇస్తానని చెప్పి కార్జానికి ఒప్పుకున్నాను. దానికి ఇంకో సంచి కొనాలి.