ఈ కాల్ రికార్డు అవుతోంది

2006 నుంచి మూడేళ్లు మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేశాను. అమెరికా వాళ్ల క్రెడిట్ కార్డు బిల్లుల గొడవలు వినడం నా పని. ప్రతి కాల్ మొదట్లో మెషీన్ చెప్పేది, ఈ కాల్ రికార్డు అవుతోందని. నాలుగు నిమిషాల్లో ముగించాలి. క్వాలిటీ టీమ్ వాళ్లు మర్నాడు రెండు మూడు కాల్స్ తీసి విని మార్కులు వేసేవారు. ఒకసారి ఒక ముసలావిడ, భర్త పోయాడని చెబుతూ ఏడ్చింది. పదకొండు నిమిషాలు ఆమెతో లైన్లో ఉన్నాను. ఆ నెల నా ఇన్సెంటివ్ పోయింది.

ఇప్పుడు షికాగో దగ్గర అరోరాలో ఉంటున్నాం. ఆఫీసుకు మెట్రా రైల్లో యూనియన్ స్టేషన్ దాకా వెళ్తాను. గంటకు పైగా ప్రయాణం. రెండేళ్లుగా ఆ గంటలో స్టడ్స్ టర్కెల్ పాత టేపులే వింటున్నాను.

టర్కెల్ 1952 నుంచి 1997 దాకా షికాగోలోని డబ్ల్యూఎఫ్‌ఎంటీ రేడియోలో మనుషులతో మాట్లాడాడు. 5,600కు పైగా కార్యక్రమాలు. ఆయన పుట్టినరోజైన మే 16న, 2018లో, వాటిలో వెయ్యికి పైగా ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ఆయన తల్లిదండ్రులు షికాగోలో అద్దె గదుల హోటల్ నడిపేవారు. దాని లాబీలో కూలీలు, పని దొరకనివాళ్లు గొంతు చించుకుని వాదించుకుంటుంటే వింటూ పెరిగాడు. లా చదివి కూడా ఆ దారి పట్టలేదు. కారు నడపడం వచ్చేది కాదు. సిటీ బస్సులో తిరుగుతూ పక్క సీట్లో వాళ్లను పలకరించేవాడు.

పని గురించి జనం చెప్పిన మాటలతో 1974లో ఆయన వేసిన పుస్తకం పేరు ‘వర్కింగ్’. అందులో ఒక టెలిఫోన్ ఆపరేటర్ అమ్మాయి ఉంది. గంటకు కనీసం 35 మందితో మాట్లాడుతుంది, కానీ ఆమెకు అనుమతి ఉన్నవి ఏడెనిమిది వాక్యాలే. అది చదివిన రోజు రైలు దిగాక ప్లాట్‌ఫామ్ మీద కాసేపు అలాగే నిలబడిపోయాను. నా వాక్యాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

ఒహాయోలోని లార్డ్స్‌టౌన్ కార్ల ఫ్యాక్టరీ సంగతి కూడా అందులోదే. అక్కడ గంటకు 60 కార్లు వెళ్లే లైన్‌ను 100కు పెంచారు. ఒక్కో కారుకు 36 సెకన్లు. 1972లో కార్మికులు సమ్మెకు దిగారు. సంఘం అధ్యక్షుడు గ్యారీ బ్రైనర్‌కు అప్పుడు 29 ఏళ్లు. మనుషులకు ఒక సిగరెట్ తాగే టైమ్, పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడుకునే టైమ్ కావాలి, పోరాడకపోతే వాళ్లూ రోబోలే అవుతారు అంటాడు. రాజకీయాలంటే ఎన్నికలే అనుకుంటూ పెరిగిన నాకు, ఒక పనికి ఎన్ని సెకన్లు ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా రాజకీయమేనని ఇతని మాటలతోనే తెలిసింది.

1963 ఆగస్టులో నల్లజాతివాళ్ల హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ ప్రదర్శనకు వెళ్లేవాళ్లతో కలిసి టర్కెల్ షికాగోలో రైలెక్కాడు, రికార్డర్ పట్టుకుని. ఆ ప్రదర్శన పూర్తి పేరులో ఉద్యోగాలు ముందు, స్వేచ్ఛ తర్వాత. అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ చెప్పిన కల మనకు గుర్తుంది, ఉద్యోగాలన్న మాట మరచిపోయాం. ఆ టేపును రైల్లో కూర్చునే వినండి.

టర్కెల్ తరచూ చెప్పిన ఒక సంగతి ఉంది. షికాగోలో పేదల ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఒక తల్లిని మాట్లాడించాడు. చుట్టూ పిల్లలు, అమ్మ గొంతు వినిపించమని గోల. టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నా మనసులో ఇలా ఉందని నాకే తెలియదు అంది.

నా గొంతు కూడా మూడేళ్లు రాత్రంతా రికార్డయింది. దాన్ని ఒక్కసారి కూడా నాకు ఎవరూ వినిపించలేదు.

అమ్మ పోయిన నెల జగిత్యాల నుంచి వచ్చింది. ఆమె ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. రోజుకు వెయ్యి చుడితేనే మా స్కూలు ఫీజు. ఆదివారం వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తుంటే ఫోన్ పక్కన పెట్టి అడిగాను.

“గవన్ని నింపుకొని ఏం జేస్తవు బిడ్డా” అంది. అయినా చెప్పింది. తునికాకు రాత్రే తడిపి పెట్టుకోవడం, కరెంటు పోతే ఎక్క బుడ్డి వెలుగులో కత్తిరించడం, నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని నా మీద చాట పెట్టుకోవడం. నేను టర్కెల్ లాగా నోరు మూసుకుని కూర్చోవడానికి చాలా కష్టపడ్డాను. నలభై నిమిషాలు అయింది.

తర్వాత వినిపించాను. అమ్మ చెవి ఫోన్ దగ్గరికి పెట్టి మొత్తం వింది, మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయిపోయాక, “కార్ఖానల లెక్క సూసెటోడు మంచి బీడీలు గూడ తీసి పారేసెటోడు, ఆ ముచ్చట జెప్పకపోతి” అంది. కొంగుతో చేతులు తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది.

“మల్ల పెట్టు.”