చూక్‌లో మా హీలియం

పసిఫిక్ సముద్రంలోని చూక్ లగూన్‌కి డైవింగ్‌కి వెళ్లాలనుకున్న రోజు నుంచీ నా మనసంతా శాన్ ఫ్రాన్సిస్కో మారు మీదే ఉంది. 1944 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో అమెరికా విమానాలు చేసిన దాడిలో అక్కడ మునిగిపోయిన జపాన్ ఓడల్లో అదొకటి. దాని డెక్ మీద యుద్ధ ట్యాంకులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అవి ఉన్నది 50 మీటర్ల లోతులో.

ఆ లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మత్తు ఎక్కుతుంది. గాలి కూడా చిక్కబడుతుంది, ఊపిరి తీసి వదలడమే పని అయిపోతుంది. అందుకే కొంత నైట్రోజన్ తీసేసి ఆ చోట హీలియం పెడతాం. అదే ట్రైమిక్స్. టికెట్లు కొనకముందే డైవ్ సెంటర్‌కి రాసి నేను అడిగిన మొదటి ప్రశ్న, "మేం వచ్చేసరికి హీలియం ఉంటుందా?" అని. నిండిన సిలిండర్‌తో విమానం ఎక్కలేం. మైక్రోనేషియాలోని ఆ దీవికి హీలియం ఓడలో రావాల్సిందే.

మేం దిగేసరికి మూడు పెద్ద సిలిండర్లున్నాయి. ఒకదానిలో 60 బార్ల ప్రెషర్ (బార్ అంటే ప్రెషర్ కొలత), ఇంకోదానిలో 110, మూడోదానిలో 180. బూస్టర్ పంపు పాడై ఉంది. అది ఉంటే తక్కువ ప్రెషర్‌లో మిగిలిన గ్యాస్‌ని కూడా తోడుకోవచ్చు. లేకపోతే రెండు సిలిండర్ల ప్రెషర్ సమానం కాగానే ప్రవాహం ఆగిపోతుంది. కాబట్టి ముందు 60 ఉన్నది, తర్వాత 110 ఉన్నది వాడాలి. 180ని చివరిదాకా దాచుకోవాలి. ఈ వరుస తప్పితే తక్కువ ప్రెషర్ ఉన్నది ఎందుకూ పనికిరాకుండా మిగిలిపోతుంది.

మాకు కావాల్సింది 18/45, అంటే 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం. ఖాళీ సిలిండర్లని 200 బార్లకు నింపాలంటే హీలియం 90, ఆక్సిజన్ 16, మిగతా 94 గాలి. ఆక్సిజన్ వాల్వ్‌ని బ్లెండర్, అంటే గ్యాస్‌లు కలిపే మనిషి, ఎంత నెమ్మదిగా తిప్పాడో! ఒక్కసారిగా తెరిస్తే గ్యాస్ కుదించుకుపోయి వేడెక్కుతుంది. లోపల కాస్త నూనె జిడ్డు ఉన్నా అంటుకుంటుంది. పైన కలిపే గాలిని నూనె ఆవిరి లేకుండా వడకట్టేది కూడా అందుకే.

హీలియం గొట్టంలో సన్నగా ఈల వేస్తుంటే నాకు గుంటూరు గుర్తొచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే సూర్యుడి అంచు వెలుగును పరిశీలించాడు. హీలియం కథ మొదలైన చోట్లలో అదొకటి. సూర్యుడి వెలుగులో ముందు కనబడిన వాయువు ఇప్పుడు నా ఊపిరిలోకి రాబోతోంది!

రాత్రి గేజి 200 చూపించింది. సిలిండర్లు మాత్రం చేత్తో తాకితే వేడిగా ఉన్నాయి. చల్లారేదాకా ఆగాల్సింది, పడవ టైమ్ అవుతుందన్న తొందరలో ఆగలేదు. పొద్దున చూస్తే 180. ఎవరో ఆ లోటుని గాలితో నింపేశారు. ఏ గ్యాస్ ఎంత శాతం ఉందో కొలిచే అనలైజర్ పెట్టి చూస్తే 18/40. ఇంకొంచెం హీలియం వేద్దామంటే 200 బార్లున్న సిలిండర్‌లోకి ఎక్కించగల ప్రెషర్ ఏ పెద్ద సిలిండర్‌లోనూ లేదు.

టెన్షన్ పడ్డాను. నా సిలిండర్‌ని నేనే కొలవకపోయి ఉంటే, సిలిండర్‌కి అంటించే టేపు మీద 18/45 అనే రాసుకుని దిగేవాణ్ని. లోపల ఏముందో రంగు చెప్పదు, వాసన చెప్పదు. ఒక్కోసారి తప్పు ఇంత చిన్నది కాదు. పైకొచ్చేటప్పుడు 6 మీటర్ల దగ్గర పీల్చాల్సిన స్వచ్ఛమైన ఆక్సిజన్‌ని పొరపాటున 50 మీటర్ల దగ్గర నోట్లో పెట్టుకుంటే మూర్ఛ వస్తుంది, మూర్ఛ వస్తే మునిగిపోతాం. ఎదుటివాడు ఎంత నమ్మకస్తుడైనా సరే, కొలత నాదే, టేపు మీద సంతకం నాదే.

18/40 మా లోతుకి సరిపోతుంది. 52 మీటర్ల దగ్గర మత్తు పరంగా గాలితో 27 మీటర్లకు దిగినట్టే ఉంటుంది. డెకో లెక్క, అంటే పైకొచ్చేటప్పుడు ఏ లోతులో ఎంతసేపు ఆగాలో ఆ లెక్క, మళ్లీ వేసుకుని, పాత కాగితం చింపేసి దిగాం.

నీళ్లు మసకగా నీలంగా ఉన్నాయి. ముందు మాస్టు కనబడింది, తర్వాత డెక్, ఆ తర్వాత ట్యాంకులు. ఒకదాని గొలుసు చక్రాల పళ్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. బుర్ర అంత తేటగా ఉంది. లోపల జనం బతికిన ఓడ అది, దేన్నీ ముట్టుకోలేదు. 20 నిమిషాలయ్యాక పైకి బయల్దేరాం. 21 మీటర్ల దగ్గర 50 శాతం నైట్రాక్స్‌కి (సగం ఆక్సిజన్, సగం నైట్రోజన్), 6 మీటర్ల దగ్గర ఆక్సిజన్‌కి మారాం. మారే ముందు ప్రతిసారీ ఒకరి లేబుల్ ఇంకొకరం చదివి తలూపాం.

పైకొచ్చాక నా జంట సిలిండర్లలో 80 బార్లు మిగిలాయి. అందులో ఉన్న హీలియాన్ని వదిలేయడానికి చేతులు రాలేదు. పైన గాలి నింపించి, ఈసారి చల్లారేదాకా నీడలో కూర్చుని కాపలా కాశాం. సాయంత్రం అనలైజర్ 20/16 చూపించింది. మర్నాడు 40 మీటర్ల లోపు ఓడకి అది చాలు. పాత టేపు పీకేసి, కొత్తది అంటించి, ఆ అంకెలూ తేదీ రాసి సంతకం పెట్టాను.