చీమకుర్తిలో మొదటి రాత్రి

ఒంగోలు నుంచి శ్రీశైలానికి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఈసారి సంక్రాంతి వెళ్లిన వారం దోర్నాల దాకా నడిచి వెళ్లాలని బయల్దేరాను. దోర్నాల దాటితే పులుల అడవి. రాత్రి 9కి గేటు మూస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. శివరాత్రి ముందు మాల వేసుకున్నవాళ్లు గుంపులుగా నడుస్తారు కానీ, మామూలు రోజుల్లో ఒక్కడినే అడవిలోకి వెళ్లడం మంచిది కాదు. అందుకని దోర్నాల తర్వాత ఘాట్ రోడ్డు మాత్రం బస్సులోనే అనుకున్నాను.

మా తాత ఈ దారిన మూడుసార్లు నడిచాడు. చద్దిమూట, దుప్పటి, చేతికర్ర, అంతే. "పొద్దు గూకే వేళకు ఏ ఊరొస్తే ఆ ఊరి అరుగే మన ఇల్లు" అనేవాడు. ఆ మాట నమ్మే టెంట్ కొనలేదు. రెండు కిలోల బరువు తగ్గుతుందన్నది ఇంకో కారణం.

తెల్లవారుజామున కర్నూలు రోడ్డు ఎక్కాను. పేర్నమిట్ట, సంతనూతలపాడు చల్లగా ఉండగానే దాటేశాను. ఆ తర్వాత గ్రానైట్ లారీలు మొదలయ్యాయి. గది అంత నల్లరాయిని ఎక్కించుకుని పక్కనుంచి పోతుంటే కాళ్ల కింద రోడ్డు అదిరేది. బంగారు చుక్కల గెలాక్సీ గ్రానైట్ అంటే చీమకుర్తిదే. అది తవ్విన ఊరి దుమ్మంతా ఆ పూట నా ముఖం మీదే ఉంది.

మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చేసరికి ఎడమ మడమ బొబ్బెక్కింది. పొదిలి ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే. ఇక్కడే ఆగాలి. ఒక లాడ్జికి వెళ్లి ఆధార్ చూపించాను. కౌంటర్‌లో కుర్రాడు కార్డు ముట్టుకోలేదు.

"సింగిల్‌కి రూము ఇవ్వం సార్."

ఎందుకని అడిగితే "ఓనర్ వద్దన్నాడు" అన్నాడు. ఒంటరిగా వచ్చినవాడు గదిలో ఏం చేసుకుంటాడోనని వాళ్ల భయం. తెలుసు. అయినా ఇరవై కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషిని అనుమానంగా చూస్తే ఎంత బాధేస్తుందో అప్పుడే తెలిసింది. ఇంకోచోట ఇస్తామన్నారు గానీ, కిటికీ కూడా లేని గదికి 1,500 అడిగారు. ఒంగోల్లో ఆ డబ్బుకు ఏసీ గది వస్తుంది. కోపంగా బయటికొచ్చేశాను.

అరుగుల కోసం వీధుల్లో తిరిగాను. ప్రతి ఇంటికీ ప్రహరీ, ఇనప గేటు. ఒక్క అరుగు కూడా కనబడలేదు. ఊరి బయట ఖాళీ నేల ఉందనుకుంటే అంతా క్వారీ గుంతలు, రాళ్ల గుట్టలు.

సాయంత్రం ఇడ్లీ బండి దగ్గర నిలబడి తింటుంటే, బండి నడిపే పెద్దమ్మ నా బ్యాగు వంక చూసి అడిగింది. "యాడికి నాయనా?"

చెప్పాను. శ్రీశైలం పేరు వినగానే ఇంకో ఇడ్లీ వేసింది.

"రేత్రికి యాడ పడుకుంటావు?"

బస్టాండు అన్నాను. "దోమలు పీక్కు తింటయ్. లారీల మోతకి కునుకు పట్టదు" అంది. పోనీ స్కూలు వరండా? "కుక్కలుంటయ్. నీళ్లుండవు." వాళ్ల బజారు చివర వేపచెట్టు కింద చప్టా సంగతి నేను ఎత్తకముందే, అక్కడ పుట్ట ఉందని చెప్పేసింది. చివరికి రామాలయం అరుగు ఖాయం చేసింది. పక్కనే కుళాయి, రాత్రంతా లైటు, ఎదురింట్లో మనుషులు. నేనెవరో పూర్తిగా తెలుసుకోకుండానే పూజారిగారికి ఫోన్ చేసి "మన పిల్లోడే అయ్యగారూ" అంది. మధ్యాహ్నం లాడ్జిలో విన్న మాట ఇంకా చెవుల్లో ఉందేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుళాయి నీళ్లు కాళ్లు కడుక్కోడానికేనట. తాగడానికి తన ఇరవై లీటర్ల క్యాన్‌లోంచి రెండు సీసాలు నింపిచ్చింది. మన పడమటి ప్రకాశంలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికి తెలియదు? నీళ్లు కొనుక్కునే చోట రెండు సీసాలు ఊరికే ఇవ్వడం చిన్న సంగతి కాదు.

గుడి అరుగంతా క్వారీల్లో మిగిలిన ముక్కలతో పరిచిన నల్లరాయే. పగలంతా ఎండకు కాగి ఉందేమో, పడుకోగానే నడుముకు కాపడం పెట్టినట్టుంది. లైటు వెలుగులో తల పక్కన రాతిలోని చుక్కలు మెరుస్తున్నాయి. పది దాటాక లారీల చప్పుడు దూరంగానే వినబడింది. నిద్ర బాగానే పట్టింది కానీ మూడింటికి రాయి చల్లబడిపోయి వణుకు మొదలైంది. దుప్పటి కింద పేపర్లు పరుచుకుని తెల్లవారేదాకా ముడుచుకుని పడుకున్నాను. చాప తేకపోవడం నాదే తప్పు.

పొద్దున బండి దగ్గరికి వెళ్తే పెద్దమ్మ అప్పటికే మొదటి వాయి దించుతోంది. డబ్బులు ఇడ్లీలకే తీసుకుంది, నీళ్లకు తీసుకోలేదు. పొట్లం కట్టే కాగితం మీద మనవడి చేత ఫోన్ నంబరు రాయించి ఇచ్చింది.

"పొదిల్లో మా ఆడబిడ్డ. పాత ఇల్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడా అరుగు పడగొట్టనియ్యలేదు. నేను పంపానని చెప్పు."

కాగితం జేబులో పెట్టుకుని, మడమకు గుడ్డ చుట్టుకుని పొదిలి రోడ్డు పట్టాను.