విప్పినవాడిదే తప్పట!

పొద్దున్నే లేచి చూస్తే కారు వెనక ఎడమ చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. పంక్చరు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, ఆఫీసుకి ఇంకా టైముంది, అరగంట పని అనుకున్నాను. జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేద్దామని పానా పట్టుకుని కూర్చున్నా. నాలుగు నట్లు మొరాయించినా వచ్చాయి. ఐదోది అర చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇసుక పడ్డ తాళంలో తాళంచెవి తిప్పినట్టు గరగరమంటోంది. పానాకి పైపు తొడిగి బలమంతా పెట్టాను. టక్కుమంది, ఒక్కసారిగా తేలికైపోయింది. హమ్మయ్య అనుకున్నాను కూడా. నట్టు చేతిలోకి వచ్చింది, దాని కడుపులో విరిగిన స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) ముక్కతో సహా.

కాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను, ఎక్కువ బలం పెట్టానని. తర్వాత ముక్కని నట్టులోంచి తీసి వెలుతుర్లో తిప్పి చూశాను. విరిగిన చోట లోహం తళతళలాడుతోంది, అంటే అది ఇప్పుడే విరిగింది. కానీ మరలు వేరే కథ చెబుతున్నాయి. ఒక పక్క మరలు బాగానే ఉన్నాయి, ఎదురు పక్క చదునుగా నలిగిపోయి, సన్నటి ఇనుప పొట్టు అతుక్కుని ఉంది. నట్టు నిటారుగా ఎక్కలేదు, వంకరగా ఎక్కింది. సరిగ్గా మూడు వారాల కిందటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. ఆ తర్వాత ఈ చక్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నట్టుని చేత్తో ఎక్కిస్తే, మర కలవకపోతే వేళ్లకి తెలిసిపోతుంది. ఒక చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడతాం. చాలా కార్ల స్టడ్డు మీద మరకీ మరకీ మధ్య దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లే, కాబట్టి కాస్త వంకర పడినా పక్క మరలోకి దూరిపోతుంది. షాపుల్లో నట్లు బిగించే మెషిన్ గన్నుకి వేళ్లు లేవు. నట్టుని సాకెట్లో పెట్టి, సాకెట్‌ని స్టడ్డుకి ఆనించి ట్రిగ్గర్ నొక్కితే, మర కలిసినా కలవకపోయినా రెండు సెకన్లలో లోపలికి కోసుకుంటూ పోతుంది. బయటికి చూస్తే మిగతా నాలుగింటిలాగే ఉంటుంది. చెడిపోయిన సంగతి తెలిసేది మళ్లీ విప్పినప్పుడే. అంటే చెడగొట్టేది ఒకడు, విరగ్గొట్టేది ఇంకొకడు.

ఆ టైర్లు మార్చిన షాపుకి ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ ఎత్తాడు. "నాలుగు నట్లతో మెల్లగా తెచ్చేయండి సార్, ఏం కాదు" అన్నాడు. ఏం కాదనే ధీమా నాకు లేదు. ఐదు స్టడ్లు పంచుకోవాల్సిన భారం నాలుగింటి మీద పడుతుంది, ఆ నాలుగింటినీ ఏ చేయి బిగించిందో చూస్తూనే ఉన్నాను. అందుకే ఫోన్ పెట్టేశాక మిగతా మూడు చక్రాల నట్లనీ ఒక్కొక్కటిగా పానాతో పావు చుట్టు వదులు చేసి, మళ్లీ బిగించి చూశాను. ముందు కుడి చక్రంలో ఒకటి అదే గరగర. అక్కడే చెయ్యి తీసేశాను.

ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఆ రెండో నట్టుని కూడా నేనే విప్పి ఉంటే, రెండూ నేనే విరగ్గొట్టినట్టు అయ్యేది. ఫొటోలు తీశాను: ముక్క, నట్టు లోపలి మరలు, రెండో నట్టు ఉన్న చోటు, కిలోమీటర్ల మీటరు. షాపువాళ్లు చేసిన పని రాసిచ్చిన పాత జాబ్ కార్డు వెతికి తీశాను. అందులో తేదీ, అప్పటి కిలోమీటర్లు, చక్రాలు మార్చినట్టు ఒక లైను, అన్నీ ఉన్నాయి.

కారు తేలేనని గట్టిగా చెబితే, మధ్యాహ్నానికి ఒక పెద్ద వయసు మెకానిక్‌ని పంపారు. ఆయన నట్టుని తీసుకుని లోపల గోటితో గీరాడు, చూశాడు, ఏమీ అనలేదు. "ఏమంటావన్నా?" అన్నాను. "చేత్తో ఎక్కించింది కాదు సార్" అన్నాడు మెల్లగా. అదే మాట సూపర్‌వైజర్‌కి ఫోన్లో చెప్పమంటే మాత్రం, "మీరే మాట్లాడండి" అని పక్కకి జరిగాడు. ఆయన్ని తప్పు పట్టలేను, సాయంత్రానికి మళ్లీ అక్కడికే పోవాలి కదా.

సూపర్‌వైజర్ దగ్గర మూడు మాటలున్నాయి. స్టడ్డు పాతది, తుప్పు పట్టింది. మీరు పైపు వేసి తిప్పారు. ఈ మూడు వారాల్లో ఇంకెక్కడైనా విప్పించి ఉండొచ్చు. మొదటిదానికి ముక్క ఫొటో పంపాను, తుప్పు లేదు. రెండోది నిజమే, ఒప్పుకున్నాను. మూడోదానికి నా దగ్గర రుజువేమీ లేదు. అందుకే వాదించడం మానేసి, "ముందు చక్రంలో ఇలాంటిదే ఇంకోటుంది. నేను విప్పలేదు. మీవాళ్లే, నా ఎదురుగా విప్పండి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

పెద్ద మెకానిక్ పానాతోనే విప్పాడు, గన్ను తియ్యలేదు. ఆయనకి ఇంకో భయం ఉంది. స్టడ్డు మెడ దగ్గరుండే పళ్లు, చక్రం బిగించే హబ్బు రంధ్రాన్ని కరుచుకుని ఉంటాయి. అవి అరిగిపోతే నట్టుతోపాటు స్టడ్డూ తిరుగుతూ పోతుంది, ఇక నట్టు కోసి తీయడమే గతి. అదృష్టం, అంతవరకూ రాలేదు. గీరుకుంటూ గీరుకుంటూ బయటికొచ్చింది. మరల్లో పొట్టు దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్లా వేలాడుతోంది. ఈసారి విప్పింది వాళ్లు.

అప్పుడు బేరం మొదలైంది. కూలి వద్దు, సామాన్ల డబ్బు మాత్రం ఇవ్వండన్నారు. కాదన్నాను. ఆ రెండో స్టడ్డు మీద డై (మరలు కోసే పనిముట్టు) తిప్పి మర సరిచేస్తామన్నారు. అదీ కాదన్నాను. చివరి మర కొద్దిగా నొక్కుకుపోతే డై తిప్పి నడిపించొచ్చు, కానీ సగం లోహం ఊడిపోయిన చోట డై కొత్త లోహాన్ని పుట్టించదు. స్టడ్డు బిగించినప్పుడు స్ప్రింగులా కాస్త సాగి, ఆ లాగుడుతోనే చక్రాన్ని హబ్బుకి అదిమి పడుతుంది. బలం లేని మర ఆ లాగుడుని మోయలేదు. చివరికి మేనేజర్ ఫోన్లోకి వచ్చి రెండు స్టడ్లూ, రెండు నట్లూ మాదే అన్నాడు.

మర్నాడు స్టడ్లు తెచ్చి మా ఇంటి ముందే పని మొదలుపెట్టారు. బ్రేకు కాలిపర్ విప్పి, బ్రేకు డిస్కు తీసి, స్టడ్డుని వెనక్కి దించాలి. గన్నుతో వచ్చిన కుర్రాడు సుత్తి అందుకున్నాడు. "తమ్ముడూ, లోపల బేరింగ్ ఉంది" అన్నాను. పెద్దాయన నవ్వి, నొక్కి దించే క్లాంపు తీసి మర బిగిస్తూ బయటికి తోశాడు. కొత్తదాన్ని వెనకనుంచి దూర్చి, ముందు నాలుగు వాషర్లు, ఒక పాత నట్టు వేసి, పొడుగు స్పానర్‌తో చేత్తో లాగాడు. తల హబ్బుకి పూర్తిగా ఆనేదాకా లాగి, వెనక వేలు పెట్టి సందు లేదని నన్నూ చూడమన్నాడు. అరగంట పట్టింది. కుర్రాడు విసుగ్గా చూస్తున్నాడు గానీ, నాకు ముచ్చటేసింది.

చక్రాలు ఎక్కించేటప్పుడు ఇరవై నట్లూ విప్పించి, ప్రతిదాన్నీ చేత్తో మూడు చుట్లు తిప్పాకే పానా పెట్టమన్నాను. కుర్రాడు మరకి గ్రీజు రాయబోతే పెద్దాయనే ఆపాడు, జారుడెక్కితే అదే టార్క్‌కి, అంటే తిప్పే బలానికి, స్టడ్డు ఎక్కువ సాగుతుందని. ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించి, చివర, పెట్టిన బలం రాగానే క్లిక్కుమనే టార్క్ రెంచితో మా కారు పుస్తకంలో ఉన్న 110 న్యూటన్ మీటర్ల దగ్గర క్లిక్కుమనేదాకా.

జాబ్ కార్డు మీద "గత పనిలో దెబ్బతిన్న స్టడ్లు" అని రాయమన్నాను. సూపర్‌వైజర్ రాయలేదు. "రెండు వీల్ స్టడ్లు, నట్లు ఉచితంగా మార్చబడినవి" అని రాసి సంతకం పెట్టాడు. అంతకంటే లాగబుద్ధి కాలేదు. విరిగిన ముక్క మాత్రం అడిగినా ఇవ్వలేదు నేను.

వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వెళ్లి నట్లు చూపించాను. పద్దెనిమిది కదల్లేదు. కొత్త స్టడ్లు వేసిన చోట రెండూ ఇంకాస్త తిరిగి, అప్పుడు క్లిక్కుమన్నాయి.